కుక్కకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ అయ్యాక: మూలిగే రోజు కాదు, గెంతే రోజు జాగ్రత్త

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఏడు నెలల ఆడకుక్క మల్లికి నిన్న మధ్యాహ్నం ఆపరేషన్ అయింది. రాత్రంతా మూలుగుతూనే ఉంది. అన్నం ముట్టలేదు, తెల్లవారుజామున ఒకసారి పచ్చగా వాంతి చేసుకుంది. మెడకు పెట్టిన ప్లాస్టిక్ కోన్‌తో గోడలకూ తలుపులకూ గుద్దుకుంటోంది. అది చూడలేక మీ అత్తగారు ఆ డబ్బా తీసిపారేయమంటున్నారు, కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తే నాలుగు రోజుల్లో మానిపోతుందంటున్నారు. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాలా అని మీరు అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరు రాసినవాటిలో ఇప్పటికిప్పుడు పరుగెత్తాల్సింది ఏదీ నాకు కనపడలేదు. కోన్ తీయకండి. పసుపు రాయకండి. ఈ సాయంత్రానికి కూడా ఏమీ తినకపోయినా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా డాక్టరు గారికి ఫోన్ చేయండి. కింద చిగుళ్ల గురించి చెప్పాను, అది మాత్రం ఇప్పుడే ఒకసారి చూసుకుని, మిగతాది తీరిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాను. ఒక పశువైద్యుడి దగ్గర పదహారేళ్లు కాంపౌండరుగా చేశాను. ఇప్పుడు మా ఇంటి వెనక షెడ్డులో, ఆపరేషన్ అయిన వీధికుక్కల్ని కుట్లు మానేదాకా ఉంచుకుని పంపిస్తుంటాను. ఇన్నేళ్లలో నేను చూసింది ఒకటే. ఆపరేషన్ అయిన రాత్రి ఇంట్లోవాళ్లు హడలిపోతారు, కుక్కకు మాత్రం సాధారణంగా ఏమీ కాదు. నాలుగో రోజుకి కుక్క గెంతులు మొదలుపెడుతుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుని పట్టు వదిలేస్తారు. కొంప మునిగేది అప్పుడే. మా దగ్గరికి కుట్లు ఊడి తిరిగొచ్చిన కుక్కల్లో ఎక్కువ భాగం "చాలా హుషారుగా ఉందండీ" అని ఇంట్లోవాళ్లు సంబరపడినవే.

ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరిగిందో కాస్త తెలియాలి. మీకు పైన కనిపించేది రెండంగుళాల గీత. ఆడకుక్కకు పొట్ట తెరిచి అండాశయాలు తీస్తారు, మన దగ్గర చాలాచోట్ల గర్భసంచి కూడా తీసేస్తారు. కొందరు డాక్టర్లు పొట్ట మధ్యలో కాకుండా పక్క డొక్కలోంచి చేస్తారు. ఎలా చేసినా లోపలి పొర ఒకటి, దాని మీద కొవ్వు పొర, ఆపైన చర్మం, ఇలా అంచెలంచెలుగా కుట్టుకుంటూ వస్తారు. పేగుల్ని లోపల పట్టి ఉంచేది ఆ లోపలి పొరే. పైన చర్మం అతుక్కోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, లోపలి పొరకు పూర్తి బలం రావడానికి ఇంకొన్ని వారాలు. అంటే నాలుగో రోజున మల్లి సోఫా మీంచి దూకితే, ఆ బరువంతా మోసేది దారాలే. నొప్పి తగ్గిందని కుక్కకు తెలుసుగానీ, దారం సంగతి దానికేం తెలుసు!

ఇక నిన్న రాత్రి సంగతి. ఆ మూలుగు అంతా నొప్పి కాదు. మత్తు దిగేటప్పుడు కుక్కకు తను ఎక్కడున్నదీ తెలియదు. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషిని గుర్తుపట్టదు, గోడకేసి చూస్తూ ఏడుస్తుంది. ఇది సాధారణంగా ఒక రోజులో పోతుంది. వణుకు కూడా అంతే, మత్తులో ఒళ్లు చల్లబడుతుంది. దుప్పటి కప్పి, ఏసీ ఆపేసి, నేల మీదే మెత్తగా పక్క వేయండి. వేడినీళ్ల బ్యాగు నేరుగా ఒంటికి ఆనించొద్దు, మత్తులో ఉన్న కుక్క కాలుతున్నా పక్కకు జరగదు. గొంతులోకి గొట్టం వేసి ఉంటారు కాబట్టి ఒకటి రెండు రోజులు పొడిదగ్గు రావచ్చు. సెలైన్ ఎక్కించి ఉంటారు కాబట్టి పక్కలోనే ఉచ్చ పోసుకోవచ్చు, తిట్టకండి. ముందుకాలి మీద బొచ్చు గొరిగిన చోటు సూది పెట్టిన గుర్తు, వేరే ఏమీ కాదు. చిన్నపిల్లలుంటే మొదటి రోజు దూరంగా ఉంచండి, మత్తులో బంగారంలాంటి కుక్క కూడా పళ్లు చూపిస్తుంది.

తిండి: ఖాళీ కడుపుతో పచ్చటి వాంతి ఒకటి అవ్వడం మామూలే. గిన్నెడు నీళ్లు ఒకేసారి పెట్టకండి, గటగటా తాగి మళ్లీ కక్కుతుంది. రెండు మూడు గుక్కలు తాగనిచ్చి గిన్నె తీసేయండి, అరగంట ఆగి మళ్లీ పెట్టండి. అది నిలిస్తే రోజూ తినేదాంట్లో పావు వంతు పెట్టండి. మెత్తటి పెరుగన్నం, లేదా ఉడికించిన చికెన్ పీచుల్లా చీల్చి అన్నంలో కలిపి. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు, నిన్నటి కూర వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు ఎప్పుడూ మంచివి కావు. గిన్నెలో పెడితే చూడనైనా చూడని కుక్క చేత్తో పెడితే తింటుంది. ఈ పని మీ అత్తగారికి అప్పజెప్పండి. పసుపు రాయొద్దని చెప్పాల్సిన మనిషికి అంతకన్నా మంచి పని ఇంకోటి ఇవ్వాలి కదా.

దొడ్డికి వెళ్లలేదని మూడో రోజు ఫోన్ చేసేవాళ్లు బోలెడంతమంది. ఆపరేషన్‌కి ముందు పస్తు, తర్వాత సరిగ్గా తినకపోవడం, మందులు, అన్నీ కలిసి రెండు మూడు రోజులు, కొన్నిటికి నాలుగు రోజులు రాదు. తింటూ, ఉచ్చ పోస్తూ ఉంటే కంగారు లేదు. ముక్కుతూ బాధపడుతుంటే మాత్రం చెప్పండి.

చిగుళ్ల సంగతి జాగ్రత్తగా చదవండి. మల్లి పెదవి పైకెత్తి, కోరపన్ను పైనున్న చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. నొక్కిన చోటు తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఇండీ కుక్కల్లో, అంటే మన దేశవాళీ కుక్కల్లో, కొన్నిటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. రంగు తిరిగి రాకపోయినా, పాలిపోయి తెల్లగా ఉన్నా, దాంతోపాటు లేవలేకపోవడం, పొట్ట ఉబ్బడం, ఊరికే రొప్పడం ఉన్నా లోపల రక్తం కారుతోందేమో అని అనుమానించాలి. అది అర్ధరాత్రి అయినా బయలుదేరాల్సిన పరిస్థితి. ఇంట్లో థర్మామీటరు ఉంటే, కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ అని గుర్తుంచుకోండి. మనుషుల లెక్కన చూసి జ్వరం అనుకుంటారు చాలామంది. 103 దాటితే చెప్పాలి.

మందుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. డాక్టరు గారు రాసిన నొప్పి మందు, చాలాసార్లు అది మెలాక్సికామ్ ఉంటుంది, తిన్న తర్వాతే వేయండి, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు. ఖాళీ కడుపున వేస్తే పొట్టలో పుండు పడొచ్చు. వాంతులవుతున్నా, దొడ్డికి నల్లగా తారులా వచ్చినా ఆపి ఫోన్ చేయండి. మన బీరువాలో ఉండే మాత్రలు, పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, వేటినీ సొంత తెలివితో వేయొద్దు. పాపం మూలుగుతోందని ఒళ్లునొప్పుల మాత్ర సగం విరిచి వేసిన ఇంటాయన ఒకరు, మూడో రోజు రక్తం కక్కుతున్న పొమరేనియన్‌ను ఎత్తుకొచ్చారు. అది బతికింది, కానీ వారం రోజులు సెలైన్ మీద ఉంది.

ఇప్పుడు కోన్. మీ ఇంట్లో అసలు గొడవ ఇదే కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

నాకితే పుండు మానుతుందని మనకు చిన్నప్పటి నుంచీ ఓ నమ్మకం. కానీ కుక్క నోట్లో క్రిములుంటాయి. నాకడంతో మొదలైనది పది నిమిషాల్లో ముందుపళ్లతో దారం కొరకడం దాకా వెళుతుంది. కుక్కకు ఓ చివర చిక్కితే చాలు, స్వెట్టర్ దారం లాగినట్టు లాగేస్తుంది. ఓ ల్యాబ్రడార్ కేసు చెబుతాను. ఐదు రోజులు బుద్ధిగా కోన్ పెట్టారు. ఆరో రాత్రి, నిద్రపట్టడం లేదు పాపం అని, పడుకునేముందు తీశారు. తెల్లారి చూస్తే చర్మం కుట్లు ఆరూ మాయం, లోపలి పొర ఒక్కటే నిలబడి ఉంది. మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, మళ్లీ పద్నాలుగు రోజులు. దానిది అదృష్టం. ఇంకో కుక్క అయితే లోపలి పొర కూడా తెగి పేగు కనపడుతూ వచ్చింది. ఎప్పుడైనా అలా జరిగితే చేత్తో లోపలికి నెట్టొద్దు. శుభ్రమైన గుడ్డ సెలైన్‌తో తడిపి పొట్ట చుట్టూ చుట్టి, నాకకుండా పట్టుకుని, అలాగే ఆసుపత్రికి వెళ్లాలి.

కాబట్టి కుట్లు విప్పేదాకా రాత్రీ పగలూ కోన్ ఉండాలి. మీరు ఎదురుగా కూర్చుని చేత్తో తినిపించేటప్పుడు తీయొచ్చు, తినడం అవగానే పెట్టేయాలి. ఫోన్ మోగిందని లేచి వెళ్లేలా ఉంటే ఆ కాసేపు కూడా వద్దు. కోన్ అంచు ముక్కు కన్నా రెండు మూడు అంగుళాలు ముందుకు ఉండాలి, లేకపోతే పెట్టీ ప్రయోజనం లేదు. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. అంచు ఒరుసుకుని మెడ ఎర్రబడితే లోపలివైపు పాత కాటన్ చీర ముక్క చుట్టండి. గిన్నెను ముక్కాలి పీట మీద పెట్టండి, వెడల్పాటి పళ్లెం కాకుండా కోన్‌లో ఇమిడే చిన్న గిన్నె. గోడలకు గుద్దుకోవడం రెండో రోజుకి సగం తగ్గుతుంది. కుక్కలు తమ తల ఇప్పుడు ఎంత వెడల్పో నేర్చేసుకుంటాయి.

కొంతమంది పిల్లల పాత టీషర్టు తొడిగి తోక దగ్గర ముడేస్తారు. శాంతంగా ఉండే ఆడకుక్కకు పగటిపూట అది పనికొస్తుంది, ఉచ్చకు తీసుకెళ్లేటప్పుడు మాత్రం పైకి మడవాలి, లేకపోతే తడిసిన గుడ్డ కుట్టును ఆనుకుని ఉంటుంది. కొరుకుడు అలవాటున్న కుక్క టీషర్టుతో సహా కుట్టును కొరికేస్తుంది. ఏడు నెలల ఇండీ అన్నారు కాబట్టి నేనైతే టీషర్టును నమ్మను.

పసుపు గురించి. పసుపు మీద నాకేమీ కోపం లేదు, వేలు తెగితే నేనూ పెట్టుకుంటాను. కానీ వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రం చేసిన మందు కాదు, ఆ పొడి దారాల సందుల్లో కూరుకుపోతుంది. నూనెకు దుమ్ము అంటుతుంది, వాసనకు కుక్క ఇంకా నాకాలని చూస్తుంది. అన్నిటికీ మించి, పసుపు రాసిన కుట్టు ఎర్రబడిందో లేదో డాక్టరుకు కాదు కదా దేవుడికి కూడా కనపడదు. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. పొడిగా, శుభ్రంగా ఉన్న కుట్టుకు డాక్టరు గారు రాయమన్నది తప్ప వేరే ఏమీ అక్కర్లేదు. స్నానం కుట్లు విప్పేదాకా లేదు, వాసనొస్తే తడిగుడ్డతో కాళ్లు, మొహం తుడవండి చాలు.

మన వాతావరణంలో ఇంకో శత్రువు ఈగ. వానాకాలంలో తడి పుండు మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు పడుతుంది. మా షెడ్డులో నేను చంటిపిల్లల గొడుగు దోమతెర వాడతాను, చిన్న కుక్క దాని కింద హాయిగా సరిపోతుంది. మల్లిని బాల్కనీలో పడుకోబెట్టకండి. కుట్టు దగ్గర కుళ్లు వాసన, చిన్న రంధ్రం, అందులో కదలిక కనపడితే ఆ పూటే తీసుకెళ్లాలి.

రోజూ ఉదయం ఒకే కిటికీ వెలుగులో, ఒకే దూరం నుంచి కుట్టు ఫొటో తీయండి. మన కంటికి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు, రెండు ఫొటోలు పక్కన పెడితే తెలిసిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా ఎరుపు, చుట్టూ కమిలిన మచ్చ, మొదటి రోజు ఒకటి రెండు చుక్కల పల్చటి ఎర్రనీరు, ఇవి మామూలే. రోజురోజుకీ తగ్గాలి, అదీ లెక్క. తగ్గింది మళ్లీ పెరిగినా, చీము వచ్చినా, అంచులు విడిపోయినా చూపించాలి. కుట్టు పక్కన నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు వస్తే చాలాసార్లు అది నీరు చేరడమే, గెంతిన కుక్కలకు వస్తుంది, దానంతటదే ఇంకిపోతుంది. కానీ లోపలి పొర విడిపోయి పేగు చర్మం కిందకి వచ్చినా చేతికి అలాగే మెత్తగా తగులుతుంది. కాబట్టి నొక్కి చూడకండి, సూది పెట్టి తీయడం అసలొద్దు, చూపించండి.

ఇక అసలు పరీక్ష రేపట్నుంచి. మూడో రోజు నుంచి పదో రోజు దాకా మల్లి మీతో యుద్ధం చేస్తుంది. ఒక చిన్న గది చూసుకోండి, అందులో మంచం, సోఫా ఉండకూడదు. లేకపోతే మంచం మీద కుర్చీలు బోర్లించి పెట్టండి. ఇంట్లో కూడా బెల్టు, తాడు ఉండనివ్వండి. బయటికి రోజుకు నాలుగుసార్లు, తాడు పొట్టిగా పట్టుకుని ఐదారు నిమిషాలు, పని అవగానే లోపలికి. మూడో అంతస్తు అన్నారు, లిఫ్ట్‌లోనే దించండి. కరెంటు పోతే ఎత్తుకోవాలి: ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి వెనక తొడల వెనక నుంచి, పొట్ట మీద ఒత్తిడి పడకుండా. స్కూటీ ముందు నిలబెట్టి తీసుకెళ్లొద్దు, బ్రేకు వేసినప్పుడల్లా పొట్ట బిగబడుతుంది. ఆటో మేలు.

ఎవరూ ఆలోచించనిది కాలింగ్ బెల్. బెల్ మోగగానే తలుపు మీదకి లంఘించే కుక్క ఉన్న ఇంట్లో రోజుకు నాలుగు పార్సిళ్లు వస్తే, నాలుగు గెంతులు. పది రోజులు బెల్ స్విచ్ ఆపేసి, తలుపు మీద 'ఫోన్ చేయండి' అని కాగితం అంటించండి. మా షెడ్డుకు ఎదురింట్లో నేను చెప్పి ఇలా చేయించాను, వాళ్లకు కుక్క సంగతి ఎలా ఉన్నా మధ్యాహ్నం నిద్ర కలిసొచ్చింది.

కట్టేస్తే అరుస్తుంది, నిజమే. కాళ్లకు పని లేనప్పుడు ముక్కుకు పని పెట్టాలి. పాత టవల్‌లో ఆహారం గింజలు చల్లి చాపలా చుట్టి ఇవ్వండి, మీరు పక్కనే ఉండి. పెరుగు గిన్నెలో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతూ ఉంటుంది. అప్పటికీ గది పీకేస్తుంటే డాక్టరు గారిని అడగండి, కాస్త మందకొడిగా ఉంచే మందు రాయగలరు. అడగడానికి మొహమాటపడి కుట్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మగకుక్కలున్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. వాటికి పొట్ట తెరవరు గనక త్వరగా కోలుకుంటాయి, కోన్, కట్టడి మాత్రం అంతే. వృషణాలు తీసేసినా ఆ సంచి కొన్నాళ్లు వాచి ఉంటుంది. "డాక్టరు తియ్యనేలేదు, డబ్బులు తీసుకున్నాడు" అని మా దగ్గర పోట్లాడినవాళ్లు ఉన్నారు! వాపు పెరుగుతూ నల్లగా కమిలి గట్టిపడితే మాత్రం చూపించాలి. ఇంకోటి, ఆపరేషన్ అయిన రోజు నుంచే పిల్లలు పుట్టవనుకోకండి, నెలా నెలన్నర దాకా ఎదకొచ్చిన ఆడకుక్కకు దూరంగా ఉంచాలి.

మల్లి ఇండీ కదా, చెవి అంచు కత్తిరించాలా అని కూడా అడిగారు. అక్కర్లేదు. అది వీధికుక్కలకు ఆపరేషన్ అయిందని దూరం నుంచే గుర్తుపట్టడానికి పెట్టే గుర్తు, వాటిని మళ్లీ పట్టుకుని కోయకుండా. ఇంట్లో పెంచుకునేదానికి చెవి కోయించాల్సిన పని లేదు, ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం దాచుకోండి.

ఆపరేషన్ వల్ల లావెక్కుతుందంటారు. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది, మనం పాత కొలతే పెడతాం. కోలుకున్నాక గిన్నెలో పావు వంతు తగ్గించి, నెలకోసారి తూకం చూడండి. మల్లి ఇంకా ఎదిగే వయసు కాబట్టి ఎంత తగ్గించాలో డాక్టరు గారిని అడిగి చేయండి. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేత్తో నిమిరితే తగలాలి. మీ అత్తగారు టీలో ముంచి పెట్టే బిస్కట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, టీ అయితే ఎలాగూ వద్దు.

కుట్లు విప్పాల్సినవో కరిగిపోయేవో ఇవాళ ఫోన్‌లోనే అడిగి రాసుకోండి. విప్పేవైతే 10 నుంచి 14 రోజుల మధ్య రమ్మంటారు. విప్పిన రోజు ఆ చోటు దురదపెడుతుంది, ఆ రాత్రీ మర్నాడు రాత్రీ కోన్ ఉంచండి. తీసిన తర్వాత మల్లి ఓ ఐదు నిమిషాలు తల విదిలించి, చెవుల వెనక గోక్కుని, గోక్కుని, ఇల్లంతా ఓ చుట్టు చుట్టి వస్తుంది. ఆ కోన్ పారేయకండి, సబ్బునీళ్లతో కడిగి అటక మీద పెట్టండి. రేపెప్పుడో గాజుపెంకు తొక్కి కాలికి కట్టుతో వస్తే మళ్లీ దాన్నే దించాల్సి వస్తుంది.